వాన నీటికి పర్మిట్ ఎప్పుడు కావాలి? అమెరికా చట్టం చెప్పేది

నమస్కారం. కర్మాగారం ఆవరణలో కురిసిన వాన పక్కనున్న నదిలోకి చేరినప్పుడు, దాన్ని ఆ కర్మాగారం వదిలిన వ్యర్థంగా లెక్కించాలా, లేక ప్రకృతి పనిగా విడిచిపెట్టాలా? ఈ ప్రశ్న మీద అమెరికాలో యాభై ఏళ్లుగా వ్యాజ్యాలు నడుస్తూనే ఉన్నాయి.

1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ ప్రకారం, పర్మిట్ లేకుండా ‘పాయింట్ సోర్స్’ నుంచి చట్టం పరిధిలోని జలాల్లోకి ఏ కాలుష్య పదార్థాన్ని కలపడమైనా నేరమే. పాయింట్ సోర్స్ అంటే పైపు, కాలువ, తూము, సొరంగం వంటి, ఇదీ అని వేలెత్తి చూపగలిగే నీటి మార్గం. నేల మీద ఎటు పల్లముంటే అటు చెదిరి పారుతూ ఏటిలోకి దిగే వాన నీరు ఇందులోకి రాదు. అదే నీటిని ఒక కాలువలోకి మళ్లించి ఏటిలోకి వదిలితే వస్తుంది. నీరు ఎంత మురికిగా ఉందన్నది తర్వాతి సంగతి, ఏ దారిన వచ్చిందన్నదే చట్టం మొదట అడుగుతుంది.

దేశమంతటా ఉన్న వాన నీటి కాలువలన్నిటికీ పర్మిట్లు రాయడం తలకు మించిన భారమని భావించిన పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, 1973లో పారిశ్రామిక, వాణిజ్య కాలుష్యం కలవని వాన నీటి కాలువలను మినహాయించింది. ఎన్‌ఆర్‌డీసీ అనే పర్యావరణ సంస్థ కోర్టుకెక్కింది. పార్లమెంటు ఇవ్వని మినహాయింపును అధికారులు ఇవ్వజాలరనీ, పని భారం ఎక్కువైతే ఒకే తరహా కాలువలన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి పర్మిట్ ఇవ్వవచ్చనీ 1977లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు (డీసీ సర్క్యూట్) తేల్చింది. నేడు అక్కడి కర్మాగారాల్లో అత్యధికం వాన నీటిని వదులుతున్నది అలాంటి ఉమ్మడి పర్మిట్ల కిందే.

ఈ చట్టానికి 1987లో చేసిన సవరణ, వాన నీటికి పర్మిట్ తీసుకోవాల్సినవారిలో పరిశ్రమలనూ పెద్ద నగరాలనూ ముందు వరుసలో నిలబెట్టింది. 1990 నిబంధనలు వాన నీటితోపాటు కరిగిన మంచు నీటినీ, నేల మీద పారే నీటినీ ‘స్టార్మ్ వాటర్’ కిందికే తెచ్చాయి. నిర్మాణ స్థలాల విషయంలో పర్మిట్ తప్పనిసరయ్యే విస్తీర్ణం మొదట 5 ఎకరాలుండగా, 1999లో దాన్ని ఒక ఎకరానికి దించారు.

పరిశ్రమల దగ్గరికొస్తే నిర్వచనం చాలా సూక్ష్మంగా ఉంటుంది. ముడిసరుకు నిల్వచేసే చోటు, సరుకు దింపే చోటు, తయారీ జరిగే చోటు మీదుగా పారిన వాన నీటికి పర్మిట్ కావాలి. అదే ప్రాంగణంలో విడిగా ఉన్న ఆఫీసు భవనం, ఉద్యోగులు కార్లు నిలిపే స్థలం నుంచి వచ్చే నీటికి అక్కర్లేదు, అయితే ఆ రెండు నీళ్లూ కలవకూడదు. సరుకంతా వాన తగలకుండా కప్పు కింద ఉంచి, ఆ మాట అయిదేళ్లకోసారి రాతపూర్వకంగా ధ్రువీకరిస్తే పర్మిట్ నుంచే మినహాయింపు దొరుకుతుంది. నా దృష్టిలో ఈ చట్టంలోకెల్లా తెలివైన ఏర్పాటు ఇదే, ఎందుకంటే కలుషితమయ్యాక శుద్ధి చేయడం కన్నా తడవకుండా చూసుకోవడం చవక.

సాగు భూముల సంగతి వేరు. పొలాల నుంచి పారే వాన నీరు కాలువ గుండా వచ్చినా పాయింట్ సోర్స్ కాదని 1987లో పార్లమెంటే రాసింది. మిసిసిపీ పరీవాహకంలోని ఎరువులు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఏటా ప్రాణవాయువు బాగా తగ్గిపోయిన మండలాన్ని సృష్టిస్తుంటే, ఈ మినహాయింపును సమర్థించడం కష్టం.

ఇక చట్టంలోని ‘కలపడం’ అన్న మాట దగ్గర, లాస్ ఏంజలెస్ కౌంటీ (అక్కడి జిల్లా వంటి పాలనా విభాగం) వరద నియంత్రణ సంస్థ మీద ఎన్‌ఆర్‌డీసీ వేసిన కేసు తలెత్తింది. కాంక్రీటు గట్లు కట్టిన భాగం నుంచి అదే నది సహజ భాగంలోకి పారే నీటిలో కాలుష్యం హద్దు దాటిందని కొలత కేంద్రాలు చూపించాయి. గిన్నెలోంచి గరిటెడు సూపు తీసి మళ్లీ అదే గిన్నెలో పోస్తే సూపు కలిపినట్టు కాదన్న పాత తీర్పులోని ఉపమానాన్ని ఉటంకిస్తూ, అది ‘కలపడం’ కిందికి రాదని 2013 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ కౌంటీ సంస్థ బయటపడలేదు. ఆ కొలతలే ఉల్లంఘనకు రుజువని పర్మిట్ షరతులు చెబుతున్నాయంటూ, అదే ఏడాది ఆగస్టులో నైన్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్నే బాధ్యురాలిని చేసింది.