మొటిమలు తగ్గినా గుంటలెందుకు మిగులుతున్నాయి? విజయవాడ స్టూడియోలో చర్చ

(పాల్గొన్నవారు: యాంకర్, చర్మవైద్యురాలు, గవర్నర్‌పేటలో మందుల షాపు నడిపే ఫార్మసిస్ట్, గుంటూరు నుంచి ఫోన్‌లో ఒక తల్లి)

యాంకర్: డాక్టర్ గారూ, మొటిమ పోయింది గానీ మచ్చ పోలేదంటూ చాలామంది బాధపడుతుంటారు. ఎందుకలా?

చర్మవైద్యురాలు: ముందు ఒకసారి వేలితో తడిమి చూసుకోమంటానండి. చర్మం నున్నగానే ఉండి రంగు ఒక్కటే నల్లబడితే అది గుంట కాదు. మన చర్మాల్లో ఇదే ఎక్కువ. ఎండ తగలకుండా, సన్‌స్క్రీన్ రాసుకుంటూ ఉంటే కొన్ని నెలల్లో పలచబడుతుంది. వేలికి పల్లం తగిలిందా, లోపల చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ దెబ్బతిన్నట్టు. వెంట్రుక కుదురులో జిడ్డు, మృతకణాలు అడ్డుపడి బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ కుదురు గోడ లోపలే పగిలితే వాపు లోతుకు దిగుతుంది. అది ఎంతకాలం సాగితే అంత నష్టం. గోళ్లతో గిల్లితే ఇంకా ఎక్కువ. ఛాతీ మీద, భుజాల మీద అయితే కొందరికి గుంటకు బదులు గట్టిగా ఉబ్బెత్తు మచ్చ లేస్తుంది. "వయసు మొటిమలే, అవే పోతాయి" అని ఇంట్లో ఊరుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మొటిమ దశలోనే మందు వాడితే చాలా గుంటలు పడవు.

ఫార్మసిస్ట్: ఊరుకున్నవాళ్లే నయమండి. కొందరు ట్యూబు పేరు చెప్పి మరీ అడుగుతారు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. వారం తిరక్కుండా ముఖం తెల్లగా మెరుస్తుంది, ఇక వదలరు.

చర్మవైద్యురాలు: తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండలోకి వెళ్తే మంట. మొటిమలూ తిరగబెడతాయి. ఆపితే ఇంకా పెచ్చుమీరతాయి, భయపడి మళ్లీ అదే రాస్తారు.

యాంకర్: మరి మీరు ఇవ్వకుండా ఉండొచ్చు కదండీ?

ఫార్మసిస్ట్: నేను ఇవ్వను. 2018లో 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చారు, డాక్టరు చీటీ ఉండాల్సిందే. చీటీ అడిగితే విసుక్కుని పక్క షాపుకి పోయేవాళ్లున్నారు. పోనివ్వండి. ఒక ఆడపిల్ల ముఖం పాడైతే ఆ పాపం నాకొద్దు.

యాంకర్: గుంటూరు నుంచి ఒక తల్లి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

తల్లి: నమస్కారమండి. మా అమ్మాయికి బుగ్గల నిండా గుంటలు. శ్రావణంలో పెళ్లి, రెండు నెలలు కూడా లేదు. లేజర్ చేయిస్తే పోతాయా?

చర్మవైద్యురాలు: కొత్త మొటిమలు వస్తున్నాయా అమ్మా?

తల్లి: వస్తున్నాయండి, గడ్డం దగ్గర.

చర్మవైద్యురాలు: అయితే ఇప్పుడు లేజర్ వద్దు. ముందు మొటిమలు ఆగాలి. పైగా లేజర్ తర్వాత ముఖం కొన్నాళ్లు ఎర్రగా ఉంటుంది, మన రంగుకు నల్లమచ్చలు పడే ముప్పూ ఉంది. పెళ్లి పీటల మీద ఆ ఇబ్బంది ఎందుకు? గుంటను బట్టి వైద్యం కూడా మారుతుంది. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉంటే అందులో టీసీఏ అనే గాఢమైన యాసిడ్ చుక్క పెడతాం. అలల్లా వెడల్పుగా ఉంటే అడుగున పట్టి లాగుతున్న పోగులను సూదితో తెంపుతాం, దాన్ని సబ్‌సిషన్ అంటాం. అంచులు నిలువుగా ఉన్నవాటికి సన్న సూదులతో చర్మాన్ని గుచ్చే మైక్రోనీడ్లింగ్, చుక్కలు చుక్కలుగా వేసే ఫ్రాక్షనల్ లేజర్. ఏదైనా నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో కొన్ని సిట్టింగులు పడుతుంది. కొత్త కొల్లాజెన్ పెరగడానికి నెలలు పడుతుంది. పూర్తిగా నున్నగా చేసేస్తామని ఎవరైనా మాటిస్తే డబ్బు కట్టకండి.

తల్లి: పెళ్లివారు ఏమంటారోనని భయం డాక్టర్ గారూ.

చర్మవైద్యురాలు: అమ్మాయి ఏమంటోంది?

తల్లి: నా ముఖం గురించి ఎవరూ మాట్లాడొద్దంటోంది.

చర్మవైద్యురాలు: ఆ మాట వినండమ్మా, చుట్టాలకీ చెప్పండి. ఈలోగా తనని గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లండి. ఎడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటి పైపూత మందులు మొదలుపెడతారు. పెళ్లి సంగతి మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి. మొటిమలు మరీ ఎక్కువై ఐసోట్రెటినోయిన్ అనే మాత్రలు రాస్తే, అవి వాడినన్నాళ్లూ, ఆపాక కనీసం నెల వరకూ గర్భం రాకూడదు. వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలిగే ముప్పు చాలా ఎక్కువ.

తల్లి: అబ్బాయి వాళ్లకు కూడా చెప్పాలా అండి?

చర్మవైద్యురాలు: అబ్బాయికి చెప్పాలమ్మా, ఆ నెలల జాగ్రత్త ఇద్దరిదీ. ఎలా చెప్పాలో అమ్మాయినే నిర్ణయించుకోనివ్వండి.