స్టీరియో ఫొటోగ్రఫీ పదకోశం: పాత నిర్వచనాలను దిద్దేదెలా?

[తెరపై పాత పదకోశంలోని వరుస: "స్టీరియో బేస్: రెండు కళ్ళ మధ్య దూరం, సుమారు 65 మి.మీ."]

స్టీరియో అంటే ఒకే దృశ్యాన్ని కాస్త పక్కకు జరిగి రెండు ఫొటోలుగా తీసి, ఒక్కో కంటికి ఒక్కోటి చూపి లోతు కనిపించేలా చేయడం. ఈ పాత నిర్వచనాన్ని నమ్మినవాళ్ళు 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పువ్వును తీసేటప్పుడూ కెమెరాను 65 మి.మీ. జరుపుతారు. ఆ జతను చూడబోతే కళ్ళు లాగేస్తాయి, రెండు పువ్వులూ ఒక్కటిగా కలవనే కలవవు. నిజానికి అక్కడ సుమారు 10 మి.మీ. చాలు.

స్టీరియోలో కొలతలు మూడు చోట్ల తీస్తాం: కంటి దగ్గర, కెమెరా దగ్గర, ఫొటో మీద. పాత పట్టికల్లో చిక్కంతా ఈ మూడింటినీ కలిపేయడం వల్లే. అందుకే దిద్దుబాటును అక్షరక్రమంలో మొదలుపెట్టకండి. ముందు పదాలన్నిటినీ ఈ మూడు కుప్పలుగా విడదీయండి. ఏ పదమైనా రెండు కుప్పల్లో పడుతోందంటే దానికి రెండు నిర్వచనాలు రాయాల్సిందే.

[తెరపై మూడు గడులు: కన్ను, కెమెరా, ఫొటో]

కన్ను గడిలో కనుపాపల మధ్య దూరం. పెద్దవాళ్ళలో సగటున 63 మి.మీ. ఉంటుంది, దాన్ని మనం మార్చలేం. కెమెరా గడిలో స్టీరియో బేస్: రెండు లెన్సుల మధ్య దూరం. ఒకే కెమెరాతో తీస్తే, మొదటి ఫొటోకీ రెండోదానికీ మధ్య కెమెరా పక్కకు జరిగినంత. ఫొటో గడిలో డీవియేషన్: బాగా దూరంగా ఉన్న వస్తువుకు రెండు ఫొటోల్లో ఉన్న ఎడం నుంచి, బాగా దగ్గరున్న వస్తువు ఎడాన్ని తీసేస్తే మిగిలేది.

డీవియేషన్ పక్కన లెక్క కూడా రాయండి. వెనక దృశ్యం బాగా దూరంగా ఉంటే, లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను బేస్‌తో గుణించి, దగ్గరి వస్తువు దూరంతో భాగించాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 35 మి.మీ. లెన్సు, బేస్ 70 మి.మీ., దగ్గరి వస్తువు 2,100 మి.మీ. దూరంలో ఉందనుకుందాం. 2,450ని 2,100తో భాగిస్తే సుమారు 1.17 మి.మీ. 36 మి.మీ. వెడల్పున్న ఫ్రేములో అది దాదాపు ముప్పయ్యో వంతు.

[తెరపై: "1/30 నియమం: బేస్ = దగ్గరి వస్తువు దూరంలో 1/30"]

అందరి నోటా ఉండే నియమం ఇదే. తప్పు కాదు, సగమే రాశారు. వెనక కొండలు గానీ ఆకాశం గానీ ఉండి, లెన్సు ఫుల్ ఫ్రేమ్ మీద 35 మి.మీ. దరిదాపుల్లో ఉంటేనే ఇది పనిచేస్తుంది. 70 మి.మీ. లెన్సు పెడితే 1/60 అవుతుంది. దగ్గరి వస్తువు 2 మీటర్లలో, వెనక గోడ 4 మీటర్లలో ఉంటే, అదే 35 మి.మీ. లెన్సుతో బేస్‌ను రెట్టింపు చేసి 133 మి.మీ. దాకా పోవచ్చు. షరతులు లేకుండా ఈ నియమాన్ని పదకోశంలో ఉంచడం కన్నా తీసేయడం మేలు.

పారలాక్స్ అంటే ఒకే వస్తువుకు రెండు ఫొటోల్లో తెర మీద ఉన్న ఎడం. ఈ పదానికి తెర వెడల్పు కూడా చేర్చాలి. 3.3 శాతం పారలాక్స్ అంటే 2 మీటర్ల తెర మీద 66 మి.మీ., 4 మీటర్ల తెర మీద 132. దూరపు వస్తువుల ఎడం కనుపాపల దూరాన్ని బాగా మించితే కళ్ళు బయటివైపుకు తిరగాలి. అది మన కంటికి అలవాటు లేని పని. ల్యాప్‌టాప్‌లో హాయిగా ఉన్న ఫొటో ప్రొజెక్టర్ మీద తలనొప్పి తెప్పించేది ఇందుకే.

[తెరపై ఒక జత. ఎడమ అంచు దగ్గర కొమ్మ తెగి కనిపిస్తోంది. అంచును పెద్దది చేసి చూపించాలి]

ఇప్పుడు స్టీరియో విండో, అంటే దృశ్యాన్ని దేని గుండా చూస్తున్నట్టు అనిపిస్తుందో ఆ ఊహాకిటికీ. "ఫొటో చుట్టూ ఉండే చట్రం" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పరీక్షతో సహా రాయండి. నిజం కిటికీ ముందు నిలబడి చూస్తే ఎడమ అంచు దగ్గర కుడికన్నుకే ఎక్కువ కనిపిస్తుంది. ఫొటో జతలోనూ అంతే ఉండాలి. ఈ కొమ్మ చూడండి: ఎడమ అంచులో ఎడమ ఫొటోకే ఎక్కువ ముక్క పడింది. అంటే కొమ్మ కిటికీ కన్నా ముందుకు వచ్చింది, అయినా అంచు దాన్ని కోసేస్తోంది. దీన్నే విండో వయొలేషన్ అంటారు. ఎడమ ఫొటోకు ఎడమవైపు, కుడి ఫొటోకు కుడివైపు సమానంగా కత్తిరిస్తే దృశ్యమంతా వెనక్కి వెళుతుంది.

టో-ఇన్ కింద "కెమెరాలను వస్తువు వైపు తిప్పడం" అని రాసి ఆగిపోకండి. అలా తిప్పితే ఎడమ ఫొటోలో ఎడమ భాగం, కుడి ఫొటోలో కుడి భాగం కాస్త ఎత్తుగా వస్తాయి. మూలల్లో ఒకే బిందువు రెండు ఫొటోల్లో పైకీ కిందికీ ఉంటుంది. ఇదే కీస్టోన్. కెమెరాలను సమాంతరంగా ఉంచి, ఫ్రేము కొంచెం వెడల్పుగా తీసి, తర్వాత కత్తిరించడమే మందు. ఇప్పటికే తీసేసిన జతకు స్టీరియో ఫొటో మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఆటో అలైన్‌మెంట్ చాలావరకు సాయపడుతుంది.

హైపర్‌స్టీరియో అంటే "లోతు ఎక్కువైన ఫొటో" కాదు. కనుపాపల దూరం కన్నా బేస్ పెద్దది, అంతే. దాని ఫలితంగా కొండలు బొమ్మకొలువులో పెట్టినట్టు చిన్నవిగా కనిపిస్తాయి.

క్రాస్‌టాక్, ఘోస్టింగ్ విడివిడిగా ఉండాలి. ఒక కంటి బొమ్మ ఎంత శాతం రెండో కంటికి కారుతోందన్నది క్రాస్‌టాక్, పరికరంతో కొలవచ్చు. కంటికి నీడలా కనబడేది ఘోస్టింగ్. కారేది అంతే ఉన్నా, నల్లటి నేపథ్యంలో తెల్లటి దీపం ఉంటే నీడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పాత పేర్లను చెరిపేయకండి, "ఫలానా పదం చూడండి" అని దారి చూపండి. పాత వ్యాసాలు చదివేవాళ్ళు వాటితోనే వెతుకుతారు.

చివరగా "సైడ్ బై సైడ్". పక్కపక్కన అంటే సరిపోదు, ఏది ఎటువైపో చెప్పాలి. సమాంతర చూపుకైతే (దూరంగా చూస్తున్నట్టు కళ్ళు తిన్నగా ఉంచితే) ఎడమ ఫొటో ఎడమవైపు, అడ్డచూపుకైతే (కళ్ళను ముక్కువైపు కలిపితే) కుడి ఫొటో ఎడమవైపు. జేపీఎస్ (స్టీరియో జేపెగ్) ఫైళ్ళది సాధారణంగా రెండో పద్ధతి. ఏదో తెలియని జత చేతికొస్తే స్కేలు పెట్టి కొలవండి: దూరపు వస్తువుల మధ్య ఎడం దగ్గరి వాటి ఎడం కన్నా ఎక్కువుంటే సమాంతర చూపు, తక్కువుంటే అడ్డచూపు.