అప్ప రిపోర్టు

వేదిక మీది పెద్దలకు, డ్వాక్రా అక్కచెల్లెళ్ళకు, వెనక నిలబడ్డ నా పాత విద్యార్థులకు నమస్కారం. మహిళా దినోత్సవం కదా, ఆడవాళ్ళ ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. తిండి గురించీ నడక గురించీ రాసుకొచ్చాను. కానీ సంచిలో ఇంకో కాగితం ఉంది, ముందు దాని సంగతి చెప్పనివ్వండి.

ఇది మా అప్ప, అంటే మా అక్క, రక్తపరీక్ష రిపోర్టు. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అంటించాను. అండాశయ క్యాన్సర్ జాడ కోసం చేసే సీఏ-125 అనే పరీక్ష. 35 లోపు ఉంటే నార్మల్. అప్పకి 22 వచ్చింది. ఆ 22 చుట్టూ పచ్చ ఇంకుతో సున్నా చుట్టింది తనే. ఆముదాలవలస స్టేషన్ నుంచి ఫోన్ చేసి, "ఏటీ లేదంటమ్మా, అంతా బాగానే ఉందంట" అంది. ఏడాది తిరక్కుండానే పొట్ట ఉబ్బింది. విశాఖ తీసుకెళ్తే అండాశయ క్యాన్సర్, మూడో దశ అన్నారు.

మొదటి దశలో ఉన్న అండాశయ క్యాన్సర్లలో ఇంచుమించు సగం ఈ పరీక్షకి చిక్కవు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, దీనితో ముందే వెతికినా మరణాలు తగ్గలేదని 2021లో తేల్చారు. ఆ ల్యాబులో మాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని కూడా అడగలేదు.

అడిగినా మేం తప్పే చెప్పేవాళ్ళం. మా అమ్మ కడుపులో గడ్డతో పోయింది, అది తెలుసు. పెద్దమ్మ పచ్చకామెర్లతో పోయిందని ఇరవై ఏళ్ళు నమ్మాం. అప్ప పదకొండో రోజున ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది, అది రొమ్ము గడ్డ అని. ఆడపిల్లలకి సంబంధాలు రావని దాచారట. సంబంధాలు వచ్చాయి, పెళ్ళిళ్ళు అయ్యాయి. మా అప్ప లేదు.

ముప్పై ఏళ్ళు పదో తరగతికి మెండెల్ బఠాణీలు చెప్పినదాన్ని నేను. మా ఇంటి లెక్క వేసుకోలేదు. బీఆర్‌సీఏ1 జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ 1990లోనే చూపించింది. అందులో లోపం ఉన్న ఆడవాళ్ళు 100 మందిని తీసుకుంటే, 80 ఏళ్ళు వచ్చేలోపు సుమారు 70 మందికి రొమ్ము క్యాన్సర్, 40 మందికి పైగా అండాశయ క్యాన్సర్ వస్తాయి. బిడ్డకి ఆ లోపం దిగడానికి సగానికి సగం అవకాశం. వెనక నిలబడ్డ మగపిల్లలూ, మీరూ వినండి. ఇది తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది. అలాంటిదే ఇంకో జన్యువు, బీఆర్‌సీఏ2లో లోపం ఉంటే మగవాళ్ళకీ ప్రొస్టేట్, రొమ్ము క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది.

అప్ప బతికుండగానే జన్యు పరీక్ష చేశారు. లోపం ఉందని వచ్చింది. నాకు లేదు. అప్ప కూతురికి ఉంది. నాకూ కూతురే తను, తనని అడిగే ఇది చెబుతున్నాను. "పిన్నీ, ఒక్క రక్తపరీక్షతో అన్ని క్యాన్సర్లూ ముందే తెలుస్తాయంట, చేయించేసుకుంటాను" అంది మొన్న. గడ్డ నుంచి రాలిన డీఎన్ఏ ముక్కల్ని రక్తంలో పట్టే పరీక్ష అది. నిజంగా ఆశ ఉన్న దారే. టొరంటోలో లీ-ఫ్రామెనీ అనే వంశపారంపర్య ముప్పు ఉన్న కుటుంబాల్లో పరిశోధన చేస్తే, కొందరి రక్తంలో మామూలు పరీక్షలకంటే ముందే జాడ కనిపించింది. కానీ గడ్డ చిన్నగా ఉన్నప్పుడు రాలేది బహు కొంచెం, అందుకే మొదటి దశవి చాలా తప్పిపోతాయి. ఆ పరీక్ష చేయించుకో తల్లీ, కాదనను. కాని అందులో ఏమీ లేదని వస్తే ఏటేటా తీయించుకునే ఎమ్మారై మానొద్దు అని బతిమాలాను. అప్ప రిపోర్టు తన చేతిలో పెట్టాను.

తిండీ నడకా ఇంకోసారి చెబుతాను. ఆ బల్ల మీద తెల్లకాగితాలు, పెన్నులు ఉన్నాయి. అమ్మ వైపు, నాన్న వైపు మూడు తరాలు రాయండి. ఎవరికి ఏ గడ్డ వచ్చింది, ఎన్నో ఏట వచ్చింది, అంతే. తెలియకపోతే ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి పెద్దవాళ్ళని అడగండి. "పచ్చకామెర్లు" అంటే ఇంకోసారి అడగండి. టీ తాగి వెళ్ళేదాకా నేనిక్కడే ఉంటాను, ఆ కాగితాలు నాకు చూపించండి.