డాబా మీద తీగ కట్టనివ్వండి

సభకు నమస్కారం. హన్మకొండ, వరంగల్ కాలనీ సంఘాల పెద్దలు ఇంతమంది ఒక్కచోట దొరకడం అరుదు. కాబట్టి నేరుగా అసలు సంగతికే వస్తాను.

హామ్ రేడియో, అంటే లైసెన్స్ తీసుకుని ఇంటి నుంచి అభిరుచిగా నడిపే రేడియో, మాట ఎత్తగానే అపార్ట్‌మెంట్ కమిటీలో వినబడే జవాబు, "ఆ యాంటెన్నా తీగలు మా డాబా మీద వద్దు." పిడుగు పడుతుందంటారు, రేడియేషన్ అంటారు. పిడుగు భయం న్యాయమైనదే. ఎర్తింగ్ లేని యాంటెన్నాను నేనూ ఒప్పుకోను. కానీ హామ్ సెట్టు మాట్లాడినంతసేపే తరంగాలు పంపుతుంది, మిగతా సమయమంతా వింటుంది. రాత్రింబవళ్లు నడిచే సెల్ టవర్‌కు డాబా అద్దెకిచ్చి, కేంద్ర ప్రభుత్వ లైసెన్స్ ఉన్న మనిషి తీగను వద్దనడం ఏం న్యాయమో మీరే చెప్పాలి.

పైగా వరదల్లో కబురు పంపే పనికి పెద్ద టవర్ అక్కర్లేదు. ఏడు మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు, అంటే 40 మీటర్ల పొడవు తరంగాలకు, 66 అడుగుల రాగి తీగ, పదిహేను ఇరవై అడుగుల ఎత్తున కడితే చాలు. దూరదేశాలతో మాట్లాడాలంటేనే ఎత్తు కావాలి. కిందుగా కట్టిన తీగ నుంచి తరంగం దాదాపు నిట్టనిలువుగా పోయి, ఆకాశంలో పైనున్న అయనోస్ఫియర్ అనే పొరకు తగిలి, రెండు మూడు వందల కిలోమీటర్ల మేర జల్లులా దిగుతుంది. మధ్యలో ఏటూరునాగారం అడవి ఉన్నా, గుట్టలున్నా అడ్డం కాదు. రాత్రిపూట ఈ బ్యాండ్ దగ్గరి ఊళ్లకు మొండికేస్తుంది, అప్పుడు 80 మీటర్ల బ్యాండ్‌కు మారాలి, తీగ రెట్టింపు అవుతుంది. కరెంటు పోయినా సెట్టు కారు బ్యాటరీతో నడుస్తుంది.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడ్డది. మోరంచవాగు మోరంచపల్లిని ముంచేస్తే జనం డాబాలెక్కారు. అలాంటి పొద్దున తీగ కొనుక్కొచ్చి కడదామంటే కుదరదు. 2004 సునామీ నాడు పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ రేడియో నడిపే భారతీ ప్రసాద్ బృందం కబుర్లు అందించగలిగిందంటే, డిసెంబర్ మొదటి నుంచే అక్కడ వాళ్ల స్టేషన్ నడుస్తున్నది కాబట్టే.

అమెరికాలో 1985లోనే రేడియో వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌సీసీ స్థానిక ప్రభుత్వాలకు చెప్పింది, హామ్ యాంటెన్నాలకు సబబైన వీలు కల్పించమని. ఇళ్ల సంఘాల సొంత ఒప్పందాలను మాత్రం ముట్టుకోలేదు. అక్కడా చిక్కు మనలాంటి కమిటీల దగ్గరే!

ఎత్తుకు హద్దు పెట్టండి. ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో చూపించమనండి. కరెంటు తీగలకు దూరంగా కట్టమనండి. నిషేధం బదులు ఈ షరతులతో తీర్మానం నమూనా రాసి తెచ్చాను. కాపీలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి.