రామెసెస్ కడుపులో పొగాకు

శ్రోతలకు నమస్కారం. కొలంబస్ కంటే ఎంతో ముందే ప్రాచీన ఈజిప్టు వాళ్లు అమెరికా వెళ్లివచ్చారని ఒక వాదన ఉంది. మెక్సికోలోనూ పిరమిడ్లు ఉన్నాయి కదా అంటారు. ఆ సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. ఈజిప్టులోని తొలి మెట్ల పిరమిడ్‌కీ, మెక్సికోలోని తియోతివకాన్ సూర్య పిరమిడ్‌కీ నడుమ 2,500 ఏళ్లకు పైగా అంతరం ఉంది. తమ చేతులతో రాళ్లు మోసి కట్టుకున్న ఆ మెక్సికో జనం గొప్పతనాన్ని ఇంకెవరికో కట్టబెట్టడం నాకు బాధగా ఉంటుంది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన కథ. రెండవ రామెసెస్ ఈజిప్టును 66 ఏళ్లు ఏలి, క్రీ.పూ. 1213లో మరణించాడు. 1881లో ఈజిప్టులోని డేర్ ఎల్ బహరీ కొండల్లో, పూజారులు రహస్యంగా దాచిన ఇతర రాజుల దేహాలతో పాటు అతని మమ్మీ కూడా దొరికింది. 1886లో కైరోలో దాని కట్లు విప్పారు. ఆ తర్వాత తొంభై ఏళ్లకు, బూజు పట్టి పాడవుతోందని, చికిత్స కోసం 1976లో ప్యారిస్‌కు విమానంలో తీసుకెళ్లారు. అక్కడ మిషెల్ లెస్కో అనే వృక్షశాస్త్రవేత్త, మమ్మీ పొట్టభాగం నుంచి తీసిన నమూనాను సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. అందులో పొగాకు తునకలు కనిపించాయి. పొగాకు పురుగు కూడా దొరికింది.

పొగాకు అమెరికా మొక్క. 1492 తర్వాతే సముద్రం దాటి ఇటు వచ్చింది. మరి అంతకు 2,700 ఏళ్ల ముందు చనిపోయిన రాజు కడుపులోకి ఎలా చేరింది? ఓడలో వచ్చిందా?

ఇక్కడే ఒక్క ప్రశ్న వేసుకోవాలి. కట్లు విప్పిన నాటి నుంచి పరీక్ష చేసిన నాటి వరకు ఆ మమ్మీ ఎక్కడుంది? ఎవరెవరి చేతుల్లో ఉంది? పాల్ బక్‌లండ్, ఈవా పనాయొటకొపులు అనే పరిశోధకులు 2001లో ఈ దారిలోనే వెళ్లారు. పందొమ్మిదో శతాబ్దంలో మమ్మీని పురుగుల నుంచి కాపాడేందుకు పొగాకును మందుగా వాడి ఉంటారని వాదించారు. పొగాకు కషాయం పురుగును చంపుతుందని మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా మమ్మీలో దొరికిన ఆ పొగాకు పురుగు ఒక్క పొగాకు మీదే బతికేది కాదు. పసుపు కొమ్ములనూ తొలిచేస్తుంది. మరో ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి వస్తువుల్లో కూడా అది కనిపించింది. కాబట్టి పురుగు ఉన్నంత మాత్రాన పొగాకు ఉన్నట్లు కాదు. నాకు ఈ వివరణే సబబుగా తోస్తుంది.

1992లో మరో సంచలనం. స్వెత్లానా బలబనోవా అనే జర్మనీ శాస్త్రవేత్త, మ్యూనిక్‌లోని ఈజిప్టు మమ్మీల్లో, పొగాకులో ఉండే నికోటిన్‌తో పాటు కొకైన్ కూడా ఉందని ప్రకటించారు. కొకైన్ తీసే కోకా కూడా అమెరికా మొక్కే. మాంచెస్టర్‌లో రోజలీ డేవిడ్ అనే ఈజిప్టు చరిత్ర పరిశోధకురాలు తమ మ్యూజియం మమ్మీలను పరీక్ష చేయిస్తే కొన్నింటిలో నికోటిన్ తేలింది, కొకైన్ తేలలేదు. నికోటిన్ మన వంకాయలోనూ అతి స్వల్పంగా ఉంటుంది. కొకైన్ విషయంలో మాత్రం ఇంకా వాదం తెగలేదు. బలబనోవాను వెక్కిరించిన వాళ్లున్నారు. అది తప్పు. ఆమె తన పరీక్షలో కనిపించినదే చెప్పారు.

అట్లాంటిక్ దాటే ప్రయాణం అసాధ్యమేమీ కాదు. 1970లో థోర్ హెయర్డాల్ అనే నార్వే సాహసికుడు జమ్ముపడవ మీద మొరాకో నుంచి బార్బడోస్‌కు 57 రోజుల్లో చేరాడు. వెళ్లగలగడం వేరు, వెళ్లడం వేరు. గ్రీన్‌లాండ్ నుంచి వచ్చిన వైకింగ్ నావికులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో దిగారని అందరూ ఒప్పుకున్నారంటే కారణం ఉంది. అక్కడ వాళ్ల ఇళ్ల పునాదులు, ఇనుప మేకు, 1021లో లోహపు పనిముట్లతో నరికిన కర్రలు మట్టిలోనే దొరికాయి. ఈజిప్టు వాళ్ల విషయంలో అమెరికా నేలలో అలాంటిది ఒక్కటీ దొరకలేదు.

మ్యూనిక్ చిక్కు విడిపోవడానికి దారి ఉంది. మ్యూజియం గాలి సోకకముందే, సమాధి తెరిచిన చోటే నమూనా తీయాలి. దాన్ని రెండు ప్రయోగశాలలు, ఒకదాని ఫలితం మరొకదానికి తెలియకుండా పరీక్షించాలి.