పిల్లలకి సెలవు, మాస్టార్లకి క్లాసు: కమ్యూనిటీ కాలేజీల్లో 'ఫ్లెక్స్ డే' కథ

[తెర: కాలేజీ క్యాలెండర్, ఆగస్టు పేజీ. ఒక తేదీ చుట్టూ ఎర్ర సున్నా. వెంటనే అదే రోజు పార్కింగ్ లాట్, కారు పెట్టడానికి చోటు లేదు.]

కాలిఫోర్నియాలో మీరో మీ పిల్లలో కమ్యూనిటీ కాలేజీలో, అంటే హైస్కూలు తర్వాత ఎక్కువగా రెండేళ్ళ చదువులు చెప్పే ప్రభుత్వ కాలేజీలో, చదువుతుంటే, క్యాలెండర్లో 'ఫ్లెక్స్ డే, క్లాసులు లేవు' అన్న మాట చూసే ఉంటారు. హమ్మయ్య, సెలవు అనుకుని ఊరుకుంటాం. కానీ ఆ రోజు పొద్దున్న ఎనిమిదిన్నరకి కాలేజీ వైపు వెళ్తే పార్కింగ్ దొరకదు. ఎందుకంటే ఆ రోజు బెంచీల మీద కూర్చునేది పాఠాలు చెప్పేవాళ్ళే.

ఈ వీడియోలో ఆ గదుల్లోకి వెళ్దాం. లోపల ఏం జరుగుతుంది, దానికి డబ్బు ఎవరిస్తారు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ గదిలోకి ఎవరు రాలేకపోతున్నారు అన్నది చూద్దాం.

[తెర: కాలిఫోర్నియా మ్యాప్. చుక్కలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. అక్షరాలు: 116 కాలేజీలు.]

ముందు లెక్క. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, చదివేవాళ్ళు 20 లక్షల పైమాటే. రూలు ప్రకారం కాలేజీ ఏడాదికి 175 రోజులు నడవాలి. అందులో 15 రోజుల దాకా పాఠాలు ఆపేసి, ఆ సమయాన్ని అధ్యాపకుల శిక్షణకి వాడుకోవచ్చు. అంతదాకా వాడని కాలేజీలే ఎక్కువ. ఆ రోజుల్ని కూడా క్లాసు జరిగినట్టే లెక్కగట్టి రాష్ట్రం డబ్బిస్తుంది. అంటే ఇది ఊరికే వచ్చిన ఖాళీ కాదు, పిల్లల పాఠాన్ని తాకట్టు పెట్టి తెచ్చుకున్న సమయం.

అందుకే హాజరు గట్టిగా రాస్తారు. మీరు అక్కడ పాఠాలు చెప్తారు, గురువారం మీకు మూడు గంటల క్లాసుంది, ఫ్లెక్స్ డే ఆ గురువారమే పడింది అనుకోండి. ఆ మూడు గంటలు మీరు కాలేజీకి బాకీ. వర్క్‌షాప్‌కి వెళ్ళో, కొత్త కోర్సు తయారు చేసో, డిపార్ట్‌మెంట్ మీటింగులో కూర్చునో తీర్చాలి. ఏది లెక్కలోకి వస్తుందన్నది కాలేజీకీ యూనియన్‌కీ మధ్య ఉన్న ఒప్పందాన్ని బట్టి మారుతుంది.

[తెర: రెండు సర్టిఫికెట్లు పక్కపక్కన. ఒకదాని మీద 'సబ్జెక్టు'. రెండోది ఖాళీ.]

ఇంత తతంగం ఎందుకు? అమెరికాలో ప్రభుత్వ బడిలో చెప్పాలంటే టీచర్ లైసెన్సు కావాలి. కమ్యూనిటీ కాలేజీకి అది అక్కర్లేదు. చాలా సబ్జెక్టులకి మాస్టర్స్ డిగ్రీ చాలు. వెల్డింగ్, ఆటోమొబైల్ లాంటి వాటికి అదీ అవసరం లేదు. బ్యాచిలర్స్ డిగ్రీకి రెండేళ్ళ అనుభవం తోడైనా చాలు, రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీకి ఆరేళ్ళ అనుభవం తోడైనా చాలు. ఇరవై ఏళ్ళు వెల్డింగ్ చేసినాయనకి టార్చి పట్టుకోవడం కొట్టిన పిండే. దాన్ని ముప్ఫైమందికి అర్థమయ్యేలా చెప్పడం వేరే విద్య. అది ఆయనకి ఎవరూ నేర్పలేదు, వచ్చా అని అడగనూ లేదు.

మన దగ్గరా ఇంతే కదా. హైస్కూలు మాస్టారికి బీఎడ్ తప్పనిసరి. డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కి పీజీ, నెట్ ఉంటే చాలు. ఆ లోటు పూడ్చడానికే 1987 నుంచి అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టి ఓరియెంటేషన్లు, రిఫ్రెషర్లు నడిపారు. 2023 నుంచి ఆ పని మాలవీయ మిషన్ పేరుతో సాగుతోంది. 'ప్రమోషన్ ఫైల్లో పెట్టుకోవడానికి ఓ సర్టిఫికెట్' అని లెక్చరర్లు వాటి మీద జోకులేసుకోవడం మీరూ వినే ఉంటారు. ఆ జోకు అక్కడా ఉంది. సంతకం పెట్టడం, డోనట్ తినడం, బ్రేక్‌లో జారుకోవడం. పొద్దుటి పెద్ద హాలు ఉపన్యాసం చాలాసార్లు దానికి తగ్గట్టే ఉంటుంది, దాచేదేముంది. అసలు సరుకు మధ్యాహ్నం, పదిహేనుమంది పట్టే చిన్న గదిలో ఉంటుంది.

[తెర: టేబుల్ మీద ఒక కాగితం. టాప్ యాంగిల్.]

అలాంటి ఒక గంట దగ్గరగా చూద్దాం. మేరీ-ఆన్ వింకెల్మెస్ అనే ప్రొఫెసర్ మొదలుపెట్టిన పద్ధతి ఒకటి ఇప్పుడు చాలా కాలేజీల వర్క్‌షాపుల్లో కనిపిస్తుంది. పొట్టి పేరు టిల్ట్. అందులో ప్రతి అసైన్‌మెంట్‌నీ మూడు ప్రశ్నలు అడుగుతారు. ఇది ఎందుకు చేయిస్తున్నారు? ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి? బాగా చేశారని దేన్ని చూసి అంటారు?

ఒక సోషియాలజీ మేడమ్ తన కాగితం తెచ్చారనుకుందాం. దాని మీద ఇలా ఉంది.

[తెర: అక్షరాలు టైపవుతూ: 'మీ ప్రాంతంలోని ఒక సామాజిక సమస్యపై 5 పేజీల విశ్లేషణాత్మక వ్యాసం రాయండి. కనీసం 4 ఆధారాలు. గడువు శుక్రవారం.']

ఆమెకి ఇందులో లోపమేమీ కనబడదు. పదేళ్ళుగా ఇస్తున్న కాగితమే. ఇప్పుడు దీన్ని పక్కనున్న నర్సింగ్ మాస్టారి చేతిలో పెడతారు. కిటుకంతా ఇక్కడే ఉంది: సబ్జెక్టు తెలియనివాళ్ళే చదవాలి. ఆయన అడుగుతారు: 'విశ్లేషణ అంటే? సమస్య ఏమిటో చెప్పాలా, కారణం చెప్పాలా, పరిష్కారమా? ఆధారం అంటే వార్తా పత్రిక చెల్లుతుందా? మా అమ్మమ్మని అడిగి రాస్తే?' మేడమ్ దగ్గర అన్నిటికీ జవాబులున్నాయి. కానీ అవి ఆమె తలలో ఉన్నాయి, కాగితం మీద లేవు.

[తెర: అదే కాగితం, కొత్త రూపం.]

గంట అయ్యేసరికి కాగితం మారింది. 'ఒక సమస్యకి మనిషి తప్పు ఎంత, వ్యవస్థ తీరు ఎంత అని విడదీసి చూడటం నేర్చుకోవడానికి ఇది. సమస్యని ఒక పేరాలో చెప్పండి. రెండు కారణాలు చూపించండి, ఒక్కోదానికి రెండేసి ఆధారాలు. లైబ్రరీ డేటాబేస్ నుంచి రెండు తప్పనిసరి, ఇంటర్వ్యూ ఒకటి ఉండొచ్చు.' కింద, పోయినేడు బాగా వచ్చిన వ్యాసం నుంచి ఒక పేరా, పక్కన ఇది ఎందుకు బాగుందో రెండు ముక్కలు. సిలబస్ తగ్గలేదు, మార్కులు సులువు కాలేదు. ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళు ఇంకెవరూ లేని పిల్లవాడికి మాత్రం, ఏం అడుగుతున్నారో ఊహించాల్సిన బాధ తప్పింది.

ఇలాంటిదే ఇంకోటి. సిలబస్‌లో 'ఆఫీస్ అవర్స్' అని ఉంటుంది. పిల్లలు వచ్చి సందేహాలు అడగడానికి మాస్టారు పెట్టే టైమది. కానీ అది మాస్టారు తన పని చేసుకునే టైమనీ, అప్పుడు తలుపు కొట్టకూడదనీ అనుకునే పిల్లలు బోలెడుమంది. కొన్ని కాలేజీల్లో ఇప్పుడు 'స్టూడెంట్ అవర్స్' అని రాస్తున్నారు.

[తెర: టెక్సస్ మ్యాప్. ఒడెస్సా మీద జూమ్.]

పశ్చిమ టెక్సస్‌లో, చమురు బావుల మధ్య, ఒడెస్సా కాలేజీ ఉంది. సగంలో కోర్సు మానేసేవాళ్ళని ఆపాలని అక్కడ 2011 ప్రాంతంలో అధ్యాపకుల చేత నాలుగు విషయాలు ఒప్పించారు. ప్రతి విద్యార్థినీ పేరు పెట్టి పిలవాలి. రాకపోయినా, వెనకబడినా వెంటనే పలకరించాలి. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడాలి. రూల్స్ కచ్చితంగా చెప్పాలి, కానీ నిజమైన ఇబ్బంది వస్తే సడలించాలి. కొత్త సాఫ్ట్‌వేరూ లేదు, గొప్ప సిద్ధాంతమూ లేదు. మానేసేవాళ్ళ సంఖ్య తగ్గింది. నా వరకూ ఇది నచ్చడానికి కారణం ఒకటే. సోమవారం విన్నది మంగళవారం క్లాసులో చెయ్యొచ్చు.

[తెర: కౌంటర్. అద్దం వెనక ఒక ఉద్యోగి, ముందు క్యూ.]

ఇప్పుడు అంతగా ఎవరూ పట్టించుకోని భాగానికి వద్దాం. విద్యార్థి మొదట కలిసేది ప్రొఫెసర్‌ని కాదు, అడ్మిషన్ల కౌంటర్లో ఉన్న మనిషిని. బోధనేతర ఉద్యోగుల్ని కాలిఫోర్నియాలో 'క్లాసిఫైడ్ స్టాఫ్' అంటారు. ఫ్లెక్స్ లెక్క అధ్యాపకులదే, వీళ్ళది కాదు. శిక్షణకి వెళ్ళాలంటే పైఅధికారి వదలాలి, కౌంటర్లో బదులు మనిషి ఉండాలి. సెమిస్టర్ మొదట్లో అది జరిగే పనేనా? 2014లో వచ్చిన ఒక చట్టం, శిక్షణ నిధులు వస్తే అధ్యాపకులకీ సిబ్బందికీ ఇద్దరికీ అందాలని చెప్పింది. చట్టం రాసినంత తేలిగ్గా కౌంటర్ ఖాళీ అవదు మరి.

మన తెలుగు ఇళ్ళకి నేరుగా తగిలే ఉదాహరణ ఒకటి చెప్తాను. పదకొండో తరగతి పిల్ల హైస్కూల్లో ఉంటూనే కమ్యూనిటీ కాలేజీలో లెక్కల కోర్సు తీసుకుంది. అమ్మ ఫోన్ చేసింది: 'మా అమ్మాయికి ఎన్ని మార్కులొచ్చాయండీ?' 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరాక ఆ కోర్సు రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, పద్దెనిమిది నిండకపోయినా సరే. కొన్ని మినహాయింపులున్నా, ఫోన్లో అడిగిన వెంటనే కౌంటర్లో చెప్పేస్తే తప్పు. 'చెప్పం' అని ఫోన్ పెట్టేస్తే? అమ్మకి ఒళ్ళు మండుతుంది, ఫీజు కట్టింది తనే కదా! 'అమ్మాయి చేత ఈ ఫామ్ మీద సంతకం చేయించండి, తర్వాత మాట్లాడగలం' అని ఓపిగ్గా చెప్పడం, ఏ ఫామో అప్పుడే పంపడం శిక్షణతో వచ్చే నేర్పు. దానికి గంట చాలు. ఆ గంటే దొరకదు.

[తెర: ఫ్రీవే. కారు వెనక సీట్లో మూడు కాలేజీల ఐడీ కార్డులు.]

ఇక పార్ట్‌టైమ్ అధ్యాపకులు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో తలల లెక్కన సగానికి పైగా వీళ్ళే. ఒక డిస్ట్రిక్ట్‌లో, అంటే కాలేజీల్ని నడిపే స్థానిక సంస్థలో, ఫుల్‌టైమ్ అధ్యాపకుడి పనిభారంలో 67 శాతానికి మించి వీళ్ళకి ఇవ్వకూడదని చట్టం. దాంతో రెండు మూడు చోట్ల చెప్తే గానీ ఇల్లు గడవదు. 'ఫ్రీవే ఫ్లైయర్లు' అని పేరు పడింది. ఒక కాలేజీలో ఫ్లెక్స్ డే ఉన్న రోజే ఇంకో కాలేజీలో క్లాసుంటుంది. వాళ్ళని 'శిక్షణ మీద ఆసక్తి లేదు' అనడం అన్యాయం. పార్ట్‌టైమర్లకి డబ్బివ్వకుండా శుక్రవారం పదింటికి వర్క్‌షాప్ పెట్టి, ఎవరూ రాలేదని నిట్టూర్చే కాలేజీ ముందు తన టైమ్‌టేబుల్ చూసుకోవాలి. ఫ్లోరిడాలోని వలెన్సియా కాలేజీ ఈ విషయంలో తెలివిగా ఉంది. నిర్ణీత శిక్షణ పూర్తి చేసిన పార్ట్‌టైమర్లకి ప్రత్యేక హోదా ఇస్తుంది, జీతం రేటూ పెంచుతుంది.

[తెర: ఈమెయిల్ విండో, ఖాళీ.]

మీరు గానీ, మీకు తెలిసినవాళ్ళు గానీ ఈ సెమిస్టర్‌లోనే పార్ట్‌టైమ్‌గా చేరుతుంటే, మొదటి వారంలోనే డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి. నా క్లాసు రోజున ఫ్లెక్స్ డే పడుతోందా, ఎన్ని గంటలు బాకీ? ఆ గంటలు దాటి వస్తే డబ్బిస్తారా? ఆన్‌లైన్‌లో చేసినవి చెల్లుతాయా? ఫామ్ ఎప్పటిలోగా ఇవ్వాలి? ఈ ఆఖరి ప్రశ్న మర్చిపోకండి. గంటలన్నీ కూర్చుని కూడా ఫామ్ ఇవ్వకపోతే చాలా చోట్ల ఆ మేరకు జీతంలో కోత పడుతుంది.