కరణం రాసిన ఊరు

శ్రోతలకు నమస్కారం.

చెన్నపట్నంలో స్థిరపడిన తెలుగువాళ్ళలో చాలామంది అనే మాటే ఇది: మాది చిన్న పల్లెటూరండీ, దానికి చరిత్రేముంటుంది? ఉంటుంది. పైగా అందులో పెద్ద భాగం ఊళ్ళో కాదు, మీరున్న ఈ పట్నంలోనే ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ పల్లెల పాలన ఇక్కణ్ణుంచే సాగింది. ఆ కాగితాలు చాలామటుకు ఇక్కడే ఉండిపోయాయి. కొన్ని ఎగ్మూరు రికార్డాఫీసులో, కొన్ని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో.

భాండాగారంలో ఉన్నవి కైఫీయత్తులు, అంటే ఊళ్ళ వృత్తాంతాలు. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) సర్వే అధికారి కాలిన్ మెకంజీ రాయించాడంటారు. ఊరూరా తిరిగి, ఊరి లెక్కలు రాసే కరణాలను కూర్చోబెట్టి రాబట్టింది మాత్రం మనవాళ్ళు: కావలి వెంకట బొర్రయ్య, 1803లో ఆయన పోయాక తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ళ కింది గుమాస్తాలు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరెవరికి ఉన్నాయి, అన్నీ రాశారు.

గుంటూరు సీమ కైఫీయత్తులు చదివితే ఒక సంగతి ఊరి తర్వాత ఊళ్ళో ఎదురవుతుంది. గణపతి మహారాజు దగ్గర ప్రధాని అయిన గోపరాజు రామన్న, శక సంవత్సరం 1067లో, సూర్యగ్రహణం నాడు బ్రాహ్మణులకు గ్రామ కరణీకాలు మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా, ఇప్పించాడట. శకం 1067 అంటే 1145. కాకతి గణపతిదేవుడు పట్టానికొచ్చింది 1199లో! లెక్కలు రాయడమే వృత్తి అయినవాళ్ళ లెక్క యాభై ఏళ్ళ పైన తప్పింది. మిరాశీకి ఆధారం చూపమని కొత్త దొరలు అడుగుతారని తెలిసి, ఆ మాట పట్టుబట్టి రాయించుకున్నారేమో అనిపిస్తుంది నాకు. చరిత్ర చెప్పినవాడికి ఆ చరిత్రలో వాటా ఉంది మరి.

కరణం లెక్క రాస్తే, మునసబు శిస్తు వసూలు చేసేవాడు. తలారి కాపలా. నీరుగంటి చెరువు తూము దగ్గర నిలబడి ఏ మడికి ఎంత నీరు పారాలో చూసేవాడు. అతనికి నెల జీతమంటూ లేదు, కాస్త మాన్యం, కళ్ళంలో మేర, అంటే పంటలో వాటా. ఇలాంటివాళ్ళ గొంతు కైఫీయత్తులో దాదాపు వినపడదు, వాళ్ళ మాన్యం మాత్రం లెక్కలో కనపడుతుంది. ఊరి నీళ్ళు ఎవరి చేతిమీదుగా పారాయో తెలియాలంటే అక్కడే వెతకాలి.

ఈ ఊరి ఉద్యోగాలు వంశపారంపర్యంగా సాగడానికి 1895లో మద్రాసు ప్రభుత్వం చట్టం కూడా చేసింది. దాన్ని కదిపింది ఓ చిన్న ఊరే. తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు పదవి తగాదా సుప్రీంకోర్టుకెక్కింది. ఫలానావారి వంశంలో పుట్టాడని ఉద్యోగమివ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పొచ్చింది. అయినా పాత కరణాలు, మునసబులు వెంటనే పోలేదు. తమిళనాడులో 1980లో ఎమ్జీఆర్ ప్రభుత్వం, ఆంధ్రలో 1984 జనవరిలో రామారావుగారి ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేశాయి. తిరుత్తణి చుట్టుపక్కల తెలుగు పల్లెలు 1960లో ఇటు కలిశాయి కాబట్టి, సరిహద్దుకు అవతలి ఊరికంటే మూడేళ్ళ ముందే వాటికి కరణం లేకుండా పోయాడు.

మీ ఊరి కాగితం చూడాలనుకుంటే ముందు ఇనాం ఫైసలా రిజిస్టరు అడగండి. 1858 తర్వాత ఇనాం కమిషన్ మాన్యాలన్నీ విచారించి తయారు చేసింది అది. భూమి తగాదాల్లో కోర్టులు ఇప్పటికీ దాన్ని చూస్తాయి. ఊరి పేరొక్కటే చెబితే చాలదు, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా చెప్పాలి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, చిత్తూరు 1911 దాకా ఉత్తరార్కాటులో. పాత లెక్కల్లో ఏడాది ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో, ఉంటుంది, దానికి 590 కలుపుకోండి. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా.